పచ్చబడ్డ హెడ్‌లైట్లతో నాగాయలంకకి

ఉదయం ఎనిమిదింటికి గుడివాడలో బయల్దేరాం, నేనూ మా అత్తగారూ. నాగాయలంకలో ఆవిడ చెల్లెలు సుబ్బలక్ష్మిగారికి మోకాలి ఆపరేషనైంది. చూసి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. మా పాత కారు హెడ్‌లైట్ల పైపెంకు ఎండకి పచ్చబడి, మసకబారిపోయింది. రాత్రయితే ముందున్న గొయ్యి కూడా కనబడదు. ఆ మోడల్‌కి కొత్తవి దొరకవన్నాడు మెకానిక్.

పామర్రు మీదుగా దగ్గరదారే అయినా, కొనాల్సినవుండి బందరు మీదుగా వెళ్లాం. అత్తగారు చెల్లెలికి లడ్డూలు కొన్నారు. నేను పెయింట్ల కొట్లో తడిపి రుద్దే ఉప్పుకాగితం, గరుకుదొకటీ సన్నదొకటీ, మెరుపుకి రబ్బింగ్ పాలిషూ కొన్నాను. లైట్ల పచ్చదనం వీటితో రుద్దితే పోతుందని ఓ పగిలిన లైటు మీద ముందే చేసి చూశాను కాబట్టి నాకు బెంగ లేదు.

చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి, పదకొండున్నరకి నాగాయలంక చేరాం. రొయ్యల ఇగురుతో భోజనం.

"మూడింటికల్లా వెళ్లిపోతామే," అన్నారు అత్తగారు.

"ఇన్నాళ్లకొచ్చి, తిని లేచిపోతావా అక్కా?" సుబ్బలక్ష్మిగారు అక్క చెయ్యి పట్టుకున్నారు. "పొద్దస్తమానం గోడలు చూస్తూ కూర్చుంటున్నాను."

నేను కారుని అరుగు పక్కకి తెచ్చి, "పిన్నిగారూ, కుర్చీలోంచే నీళ్లు పోస్తుంటారా?" అన్నాను.

ఆవిడ చెంబుతో పోస్తుంటే గరుకు కాగితంతో రుద్దాను. పసుప్పచ్చ నీళ్లు కారాయి. కాసేపటికి లైటంతా పాలు పోసినట్టు తెల్లబడింది.

"అయ్యో, ఉన్న చూపు కూడా పోగొట్టావు కదే!" అన్నారు అత్తగారు.

"ఇంకా అవలేదత్తయ్యా."

సన్న కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టి, మెత్తటి గుడ్డతో తిప్పి తిప్పి తుడిచాను. భుజాలు పీకాయిగానీ ఆపలేదు. సుబ్బలక్ష్మిగారు ముందుకి వంగారు. "అక్కా, లోపల బల్బు కనబడుతోందే!"

రెండోదానికి అత్తగారే కొంగు దోపుకుని గుడ్డ అందుకున్నారు. అక్కచెల్లెళ్లిద్దరూ చిన్నప్పటి గొడవలు తవ్వుకుంటూ పగలబడి నవ్వారు. మూడు ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు.

దీపాలు పెట్టాక బయల్దేరాం. ఈసారి మొవ్వ మీదుగా. కాలవ గట్టూ, ఎదురొచ్చే సైకిలూ, రోడ్డు పక్క మైలురాయీ అన్నీ తెల్లగా, స్పష్టంగా కనిపించాయి. దివిసీమ వెళ్లేవాళ్లకి నేను చెప్పేదొక్కటే: సాయంత్రం దాకా ఉండేలా వెళ్లండి, అక్కడివాళ్ల కబుర్లు ఎండ తగ్గాకే ఊపందుకుంటాయి.

చీకట్లో కారెక్కితే కళ్లు మూసుకునే అత్తగారు ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చారు. పామర్రు బోర్డు చదివి నావైపు తిరిగారు.

"చెల్లి దగ్గర ఇంకో గంట కూర్చుని ఉండాల్సింది, అమ్మాయ్."