ఫొటోలో పడని సలోమి

రాజోలులో స్టూడియో నడిపే ఆశీర్వాదం, చీకటిపడ్డాక చర్చిని ఫొటో తీయాలంటే కెమెరా షట్టరు చాలాసేపు తెరిచిపెట్టి స్టూలుమీద కూర్చునేవాడు. నల్లచీర కట్టుకుని, సున్నం వేసినట్టు గోడలన్నిటికీ టార్చి వెలుగు పూసేది మాత్రం భార్య సలోమి. ఎక్కడా ఆగకుండా నడిచేది కాబట్టి ఆమె ఫొటోలో పడేది కాదు.

డెబ్బైతొమ్మిదిలో అలా తీసిన ఒక ఫొటోకి బహుమతి వచ్చింది.

"అంత వెలుగెక్కడిదండీ?" అన్నారు పాస్టరుగారు.

"వెన్నెలండీ," అన్నాడు ఆశీర్వాదం, భార్య పక్కనే ఉందన్న బెరుకైనా లేకుండా.

మళ్ళీ ఫొటో తీసినప్పుడు సలోమి చర్చి గుమ్మంలో కదలకుండా నిలబడి, టార్చి తన ముఖంమీదే వేసుకుంది. ఆశీర్వాదం నెగటివ్‌మీద ఆ ముఖాన్ని బ్లేడుతో గీకేశాడు. ఫొటోలో అక్కడ నల్లమచ్చ పడింది.

"గుమ్మంలో ఆ మచ్చేంటండీ?" అన్నారు పాస్టరుగారు.

"నేనండీ," అంది సలోమి. "అప్పటి వెన్నెలా నేనేనండీ."