పన్ను వరుసలో ఫకీరప్ప

ధారవాడలో ఇంటిపన్ను వరుసలో ఏటా ఏప్రిల్ ఒకటిన అందరికంటే ముందు నిలబడేది మా పక్కింటి ఫకీరప్ప తాతే. రసీదుతో పాటు పేడాలు పట్టుకుని ఇల్లు చేరతాడు.

కిందటేడు ఆ ఇల్లు కోడలు నీలవ్వకు రాసిచ్చాడు. రిజిస్ట్రేషన్ అయింది కాబట్టి పేరు దానంతటదే మారుతుందనుకున్నాడు. ఈ ఏప్రిల్లో రసీదు మళ్ళీ ఆయన పేరు మీదే వచ్చింది.

"పన్ను పుస్తకంలో మారాలంటే ఇక్కడ వేరే అర్జీ పెట్టాలి, అజ్జా" అన్నాడు గుమాస్తా.

తాత అక్కడే చిందులు తొక్కాడు. మర్నాడే దస్తావేజు నకలుతో వెళ్ళి అర్జీ పెట్టాడు. నెల తిరిగేసరికి నీలవ్వ పేరెక్కింది. మళ్ళీ పేడాలు వచ్చాయి.

"ఇక పన్ను కట్టడానికి నేను వెళ్తాలే, మావయ్యా" అంది నీలవ్వ పేడా నములుతూ.

తాత గుర్రుమన్నాడు. "ఇల్లు రాసిచ్చాను. వరుసలో నా చోటు కూడా రాసిచ్చానా?"