నేలకు చెవి ఒగ్గిన కెప్టెన్

మంగళవారం పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఫోన్ మోగింది. కరీంనగర్ ఆసుపత్రి నుంచి మా పాత కెప్టెన్ అల్లుడు. "మామ పోయిండే" అన్నాడు, అంతే. పదకొండు నెలలుగా ఆ ఇంటికీ మా ఇంటికీ రాకపోకల్లేవు. అయినా మొదటి ఫోన్లలో ఒకటి నాకే వచ్చింది. నోట్లో నురగతోనే వాకిట్లోకి వచ్చి నా భార్యను పిలిచాను.

మా బొగ్గుగని కాలనీ ఫుట్‌బాల్ జట్టుకు ఆయన ఏళ్ళ తరబడి కెప్టెన్. ఆ తర్వాత అదే జట్టును నడిపించిన సెక్రెటరీ. ఆయన గోల్ ముందు కాపు కాసే స్టాపర్‌గా ఆడినన్నాళ్ళూ ఆయన వెనక గోల్‌కీపర్‌ని నేను. ఆయన వీపు చూస్తూనే నా వయసంతా అయిపోయిందని నా భార్య ఎగతాళి చేస్తుంది. అబద్ధం కాదు. "బంతిని చూడకు తమ్మీ, వాని నడుము చూడు. బంతి మోసం చేస్తది, నడుము చెయ్యది" అనేవారు. నేను బంతినే చూసేవాణ్ణి. గోల్ పడేది. ఆయన వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసేవారు. ఆ చూపుకంటే తిట్లు నయం.

ఆటగాడిగా గని కంపెనీలో ఉద్యోగం వచ్చినా ఆయన ఆఫీసు పని అడగలేదు. గనిలోకి దిగి, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేశారు. ఆ పనివాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. దిగగానే గడ్డపారతో కప్పును తట్టి వింటారు. ఖంగుమంటే గట్టి, దబ్బుమంటే వదులు. దబ్బుమన్నచోట ఎవరూ నిలబడరు. ఆయన ఆ అలవాటును పైకి కూడా తెచ్చుకున్నారు. ఎవరింటికి పిలిచినా ముందు గోడ తట్టేవారు. నా పెళ్ళిచూపులకు వచ్చి, పిల్ల సంగతి పక్కనపెట్టి వాళ్ళ గుమ్మం తట్టి, "గట్టి ఇల్లే, చేసుకో" అన్నారు. మా మామ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

మోకాలు పోయాక ఆట మానేశారు. జట్టు బాధ్యత చూడమని కమిటీ ఆయన్ని సెక్రెటరీ కుర్చీలో కూర్చోబెట్టింది. మొదటి వారంలోనే ఆయన జట్టులోంచి తీసేసింది నన్నే. "నీ వయసెంతనో నాకెరుక తమ్మీ. గోల్‌ల నిలబడ్డది చాలు, కొత్తోళ్ళకు నేర్పు" అన్నారు. ఒళ్ళు మండింది గానీ నవ్వి ఊరుకున్నాను. ఆయన కూడా మారారు. టీ కొట్టుకు రావడం తగ్గింది, జేబులో పెన్ను కనిపించింది, ఆటగాళ్ళు 'అన్నా' మానేసి 'సార్' అనసాగారు. మ్యాచ్ జరుగుతుంటే మేమంతా బంతిని చూసేవాళ్ళం. ఆయన నేలను చూసేవారు.

పోయినేడు వానలు వెలిశాక మైదానం ఎడమ మూల, కార్నర్ జెండా దగ్గర ఒక పగులు కనిపించింది. పురికొస మందం ఉంటుందేమో. "ఎండకు నేల పగుల్తది. తడి మీద పగులుడేంది?" అంటూ ఆయన గడ్డపార తెప్పించుకున్నారు. తట్టారు. చెడిన మోకాలి మీద కష్టంగా వంగి, మట్టికి చెవి పెట్టారు. నాకు నవ్వొచ్చింది.

"అన్నా, గనిల కప్పుకు చూసే పద్ధతి గది. నేలకు కాదు."

ఆయన లేవలేదు. "మనం నిలబడ్డది కప్పు మీదనే గద తమ్మీ. గీ జాగ కింద దుంగలు నిలబెట్టింది నేనే. గని మూసి ఎన్నేండ్లాయె? కట్టె ఎన్నొద్దులు ఆగుతది?"

పాత గని ఆ మైదానం కిందే ఉందని నాకూ తెలుసు. కానీ సెమీఫైనల్ పది రోజుల్లో ఉంది, అదీ మా మైదానంలో. నేను ఆ పది రోజులనే తలకెక్కించుకున్నాను.

మర్నాడే ఆయన మైదానం చుట్టూ ముళ్ళకంచె వేయించి గేటుకు తాళం పెట్టారు. గని కంపెనీ నుంచి కొలతలు తీసేవాళ్ళు వచ్చి, చూసి, ఏమీ లేదని వెళ్ళిపోయారు. ఆయన తాళం తీయలేదు. సెమీఫైనల్ ఆడకుండానే పోయింది. మంచి ఆటగాళ్ళు వేరే ఊళ్ళ జట్లలో చేరారు. మీటింగులో అందరం ఆయన మీద పడ్డాం. "ఆడినన్ని దినాలు గెలుస్తమా లేదా అని చూసిన. గీ కుర్సీల కూసున్నంక అందరు ఇంటికి పోయిండ్రా లేదా అని చూస్తున్న. నాకు గదొక్కటే పని" అన్నారు, గొంతు పెంచకుండా.

ఆయన్ని తీసేయాలన్న కాగితం మీద మొదటి సంతకం నాది. జట్టు కోసమే అనుకున్నాను. నన్ను గోల్‌లోంచి తప్పించిన కోపం కూడా ఆ సంతకంలో ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కుర్చీ నాకే ఇచ్చారు. తాళం నేనే తీశాను. పగులును మట్టితో పూడ్పించి, పైన సున్నం గీత కొట్టించాను.

పోయిన నెల మంచిర్యాల స్టేషన్‌లో కనిపించారు. బక్కచిక్కిపోయారు, రెండు మాటలకొకసారి దగ్గు. ముఖంలో కోపం లేదు.

"నేల ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నదన్నా."

"విన్నవా, ఉత్తగ చూసినవా?"

జవాబు చెప్పేలోపు రైలు వచ్చింది. ఎక్కబోతూ నా భుజం తట్టారు. తట్టి, తల కొంచెం పక్కకు వంచారు, ఏదో వింటున్నట్టు. అదే చివరిసారి.

ఆయన సెక్రెటరీగా ఉన్న ఆఖరి ఏడు మా జట్టు ఏమీ గెలవలేదు. ఒక్కరికీ ఏమీ కాలేదు కూడా. ఆ రెండోది మేలని నాకు అప్పుడు తెలియలేదు. బతికుండగా చెప్పి ఉంటే బాగుండేది. సిగ్గుపడి చెప్పలేదు.

ఇది రాస్తున్న రోజుకు మైదానానికి మళ్ళీ తాళం పడింది. వేసింది నేను. నన్ను తీసేయాలని ఒక కాగితం కాలనీలో తిరుగుతోందట. తిరగనివ్వండి. తాళం ఎందుకు వేశానో మాత్రం ఇక్కడ చెప్పాలి.

గోదావరి ఒడ్డున దహనం అయ్యాక, తల తడి ఆరకుండానే మైదానానికి వెళ్ళాను. సాయంత్రం సాధన నడుస్తోంది. ఎడమ మూల నుంచి కార్నర్ కొట్టడానికి ఒకతను బంతి పెట్టాడు. అది మెల్లగా పక్కకు దొర్లింది. మళ్ళీ తెచ్చిపెట్టాడు. మళ్ళీ దొర్లింది. ఆకు కూడా కదలడం లేదు. "గీ బంతి నిలుస్తలేదు సార్" అని నవ్వాడు. అందరినీ బయటికి పిలుద్దామని ఈల ఊదాను. ఈల నోట్లోంచి తీసేలోపే ఆట ఆగింది. నేనెక్కడి నుంచి వస్తున్నానో వాళ్ళకు తెలుసు. ఈల ఆయన కోసమే అనుకున్నారు. ఎక్కడివాళ్ళు అక్కడే ఆగి, చేతులు కట్టుకుని, తలలు దించి మౌనంగా నిలబడ్డారు. అంత పెద్ద మైదానంలో ఆ బంతి ఒక్కటే, ఎవరూ తాకకుండా, పగులు మీది సున్నం గీత వైపు కదులుతోంది.