నన్ను ‘ఒసేయ్’ అనేవాళ్లు

మా అక్క పోయాక నన్ను ‘ఒసేయ్’ అని పిలవగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే మిగిలింది. అమ్మానాన్నలు ఎప్పుడో వెళ్లిపోయారు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి కసురుకునే మొగుడూ లేడు. గుడివాడలో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి నేను మేడమ్‌ని, పాలావిడకి అమ్మగారిని, పక్క ఫ్లాటు పిల్లలకి ఆంటీని. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను, గౌరవానికేం లోటు లేదు. ఆ గౌరవం చూస్తే ఒక్కోసారి ఒళ్లు మండుతుంది. రోజంతా చనువుగా ఒక్క మాట అనేవాళ్లు లేకపోతే ఎలా బతకమంటారు చెప్పండి?

ఆ మిగిలిన ఒక్కతీ బందరు కాలేజీలో నా హాస్టలు రూమ్మేటు. దివిసీమ పిల్ల, అవనిగడ్డ దగ్గర వాళ్లది. శనివారం క్లాసులు అవ్వగానే నన్ను వాళ్లింటికి లాక్కుపోయేది. బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసేసేది. నేను సంచీ సర్దుకునేలోపు జనాన్ని తోసుకుంటూ ఎక్కేసి, కిటికీలోంచి తల బయటపెట్టి స్టాండంతా వినబడేలా అరిచేది.

“ఒసేయ్, ఎక్కవే! బస్సు వెళ్లిపోతోంది!”

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. “అంత గొంతేమిటే నీకు? పరువంతా తీసేశావు” అని దారి పొడుగునా తిట్టేదాన్ని. అది నవ్వుతూ నా ఒళ్లో కాళ్లు పెట్టుకుని నిద్రపోయేది.

పెళ్లయ్యాక దాని జాడే లేదు. ఈమధ్య ఎవరో పుణ్యం కట్టుకుని మా బ్యాచ్‌కి వాట్సాప్ గ్రూపు పెట్టారు. పొద్దున్న లేస్తే గులాబీపూలూ, గుడ్ మార్నింగులూ, మనవళ్ల ఫొటోలూ. అందరం బందరులో కలుద్దామంటే నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను. వచ్చేవాళ్లలో దాని పేరు చూశాక మాత్రం పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చేశాను.

ఫంక్షన్ హాల్లో ఒకళ్లని ఒకళ్లు పోల్చుకోవడానికే గంట పట్టింది. అప్పట్లో మమ్మల్ని చూస్తే గొంతు పెగలని మగపిల్లలు ఇప్పుడు బట్టతలలు నిమురుకుంటూ మైకు వదలరే! ఒకాయనకి రొయ్యల చెరువులట. ఇంకొకాయన పెడనలో కలంకారీ షాపు పెట్టాడట. పిల్లలు, అల్లుళ్లు, కోడళ్లు, వాళ్ల జీతాలు... నా వంతు వచ్చింది. “బ్యాంకులో చేసి రిటైరయ్యాను” అన్నాను. “పిల్లలండీ?” అన్నాడు మైకాయన. “పెళ్లే కాలేదండీ” అన్నాను. పాపం, నాకేదో జబ్బు ఉన్నట్టు మైకు గబుక్కున పక్కావిడకి ఇచ్చేశాడు.

అది ఆలస్యంగా వచ్చింది, చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని. జుట్టంతా నెరిసిపోయింది గానీ ఆ నడక చూసి ఇట్టే పోల్చుకున్నాను. కుర్చీలు తప్పించుకుంటూ వెళ్లి భుజాలు పట్టుకున్నాను.

“ఏమే! ఇలా చిక్కిపోయావేమిటే?”

నా రెండు చేతులూ పట్టుకుంది. దాని కళ్లు తడిశాయి. “బాగున్నారాండీ? మీరేం మారలేదండీ” అంది.

ఆటపట్టిస్తోందనుకున్నాను. దాని మొహంలో వెటకారం ఎక్కడా కనబడలేదు.

“ఈ అండీలేమిటే నాకు? చెంప పగలగొడతాను” అన్నాను.

“అమ్మో, అలా ఎలా అండీ! మీరు పెద్ద ఆఫీసరు. మా ఆయనకి కూడా చెబుతుంటాను. ఎన్నేళ్లయింది, నోరు రావట్లేదండీ” అంది. నొచ్చుకుంటూనే అంది.

పక్కపక్కనే కూర్చుని భోంచేశాం. వరిచేలు కౌలుకిచ్చేశారట. పెద్దమ్మాయిది విశాఖపట్నంలో కాపురం. చిన్నదానికి ఇంకా సంబంధం కుదరలేదు. నేను పట్టుబట్టి ‘నువ్వు’ అంటూనే ఉన్నాను, అది ‘ఇంకొంచెం వేసుకోండి’ అంటూనే ఉంది. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి నా నోట్లోంచే, “పెద్దమ్మాయికి పిల్లలెంతమందండీ?” అని వచ్చేసింది. అది ఆ తేడా గమనించనైనా లేదు.

సాయంత్రం కలిసే బస్టాండుకి వెళ్లాం. కూతురు హల్వా కొనడానికి దుకాణం వైపు వెళ్లింది. అవనిగడ్డ బస్సు వస్తూనే ఈవిడ కిటికీలోంచి కర్చీఫ్ వేసింది! ఆ అలవాటు మాత్రం పోలేదు. నవ్వొచ్చింది. “వెళ్లొస్తానండీ” అంటే “మంచిదండీ” అని నేను గుడివాడ బస్సు వైపు తిరిగాను.

పది అడుగులు వేశానో లేదో, వెనకనుంచి ఆ పాత గొంతు.

“ఒసేయ్, ఎక్కవే! బస్సు వెళ్లిపోతోంది!”

“ఆఁ, వచ్చేస్తున్నానే!” అన్నాను. అని ఊరుకున్నానా, ఈ మోకాళ్లతో పరుగెత్తాను. జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాను.

వెనకనుంచి హల్వా పొట్లంతో వాళ్లమ్మాయి, “ఆంటీ, మీరూ మాతో వస్తున్నారా?” అంది సంబరంగా.

కిటికీలోంచి అది నన్ను చూసి నాలుక కరుచుకుంది. “అయ్యయ్యో, మిమ్మల్ని కాదండీ! దాన్ని పిలిచాను” అంది.

“తెలుసండీ” అన్నాను. కాలు తీసి, వాళ్లమ్మాయికి దారిచ్చాను.

గుడివాడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పామర్రు వెళ్లేదాకా ఏడుపు ఆగలేదు. మొహం తుడుచుకుని కర్చీఫ్ పక్క సీటు మీద పెట్టాను, ఆరుతుందని. పామర్రులో ఎక్కినావిడ దాన్ని చూసి ఆగింది.

“ఎవరన్నా వస్తారాండీ?”

“ఎవరూ రారండీ, కూర్చోండి” అని కర్చీఫ్ తీసేశాను.