దాహాన్ని గమనించమన్న మనిషి

మా ఆయన ధ్యాన శిబిరానికి వెళ్లొచ్చిన ఏడాదే మా అత్తగారిని వజ్రపుకొత్తూరు దగ్గరి పల్లె నుంచి పలాసలో మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయి. ఇంటికొకరు ఆ జబ్బుతో ఉన్న ఆ పల్లెలో అదేమీ వింత కాదు. రోజుకు ఇంతకు మించి నీళ్లు తాగకూడదని డాక్టరు కొలత పెట్టాడు.

శిబిరం తర్వాత మనిషే మారిపోయాడని టెక్కలిలో ఆయన ఆఫీసువాళ్లు తెగ మెచ్చుకునేవారు. మారిన మాట నిజమే. గబగబా తిని లేచే మనిషి కళ్లు మూసుకుని ఒక్కో ముద్దనూ నమిలి నమిలి మింగడం మొదలుపెట్టాడు. నేను పాఠాలు చెప్పే బడికి బస్సు వెళ్లిపోతుంటే, ఆయన వంకాయ రుచిని గమనిస్తూ కూర్చునేవాడు. తిన్నాక తన కంచం తనే కడిగేవాడు, పీచు గరుకునూ నీళ్ల చల్లదనాన్నీ కూడా వదలకుండా గమనిస్తూ. పక్కనే గుట్టగా పడున్న గిన్నెలు మాత్రం ఆయన కంటికి ఎన్నడూ ఆనలేదు.

“ఆ గిన్నెలతో కూడా సాధన చెయ్యండి” అన్నానొకసారి.

“నీలో కోపం లేస్తోంది. దాన్ని ఊరికే చూడు” అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

చూశాను. కోపం అక్కడే ఉంది, గిన్నెలూ అక్కడే ఉన్నాయి.

ఎండాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. భావనపాడు నుంచి మా అన్నయ్య చేపలు పట్టుకుని వచ్చాడు. అత్తగారు మంచం మీంచి నీళ్లడిగారు. ఆ పూట కొలత అప్పటికే అయిపోయింది. మా ఆయన తల్లి పక్కన పద్మాసనం వేసుకుని, శిబిరంలో నేర్చుకున్న మెత్తటి గొంతుతో మొదలుపెట్టాడు.

“అమ్మా, దాహంతో పోరాడకు. ఎక్కడ పుడుతోందో గమనించు. అది వస్తుంది, పోతుంది.”

“గమనిత్తన్నాన్రా. పొద్దున్నించీ ఇదే పని. వచ్చింది గానీ పోనేదురా!”

మా అన్నయ్య చేపల సంచి కింద పడేశాడు. “ఏటి బావా, అత్త నోరెండిపోతంటే నువ్వు పాఠం సెప్తన్నావేటి?”

నేను ఫ్రిజ్‌లో కరగకుండా మిగిలిన ఐసు ముక్క తెచ్చి ఆవిడ నోట్లో పెట్టాను. ఆవిడ కళ్లు మూసుకున్నారు.

“చూశావా, ఎంత ఎరుకతో చప్పరిస్తోందో!” అన్నాడు మా ఆయన, అదంతా తన ఘనతే అన్నట్టు.

నీళ్లు కొలిచి ఇవ్వడం, పాదాలకు వాపొచ్చిందేమోనని బొటనవేలితో నొక్కి చూడటం, మందు వేళకు లేపడం నా పనులే. వాటిని సాధన అనాలని నాకెప్పుడూ తోచలేదు. అబద్ధమెందుకు, వానాకాలంలో ఒక మధ్యాహ్నమంతా ఆయన నోరు మెదపకుండా తల్లికి విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు. ఆ పూట నాకు ఆయన మీద కాస్త గౌరవం కలిగింది. మర్నాడు దాని గురించి ఆఫీసులో ఉపన్యాసం ఇచ్చాడని తెలిసి ఆ కాస్తా పోయింది.

అత్తగారు పోయిన కొన్నాళ్లకు టెక్కలిలో ఆఫీసువాళ్లు ధ్యానం క్లాసు పెట్టి ఆయన్ని మాట్లాడమన్నారు. నన్నూ రమ్మన్నాడు. వెనక వరసలో కూర్చున్నాను.

“మా అమ్మ దాహమే నా గురువు. ఆవిడ సేవలో ప్రతి క్షణం ఎరుకతో గడిపాను” అన్నాడు. గొంతు జీరబోయింది కూడా. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

పక్కనున్నావిడ నా చెయ్యి పట్టుకుంది. “ఇలాంటి మనిషి దొరకడం మీ అదృష్టమమ్మా.”

చెయ్యి విడిపించుకుని బయటికొచ్చి చెప్పులు వెతుక్కున్నాను. కాసేపటికి ఆయన వెలిగిపోతూ వచ్చాడు.

“ఎలా మాట్లాడాను?”

“బస్సొచ్చింది, ఎక్కండి” అన్నాను.