కొత్తిమీర మడికి కోళ్ల ఎరువు

రెండేళ్లుగా ఒకటే ప్రశ్న అడుగుతున్నాను. జవాబు సంగతి తర్వాత, ఆ ప్రశ్నను చివరిదాకా విన్నవాళ్లే లేరు. అర్జీలు తీసుకునే ఆఫీసుకు మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి గుమస్తా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఎడమచేత్తో నా కాగితం లాక్కున్నాడు. ఆ ఎడమచెయ్యి నాకింకా గుర్తుంది. రెండోసారి, విషయం అనేచోట ‘కోళ్ల షెడ్డు వాసన గురించి’ అని రాసుకున్నాడు. నా అర్జీలో వాసన అన్న మాటే లేదు. నా భార్య ఎలా చనిపోయిందో రాసి, మా పొలంలో పోసిన ఎరువును పరీక్ష చేయించమని అడిగాను. పది రోజులకు ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. అందులో ఏది పరిష్కారమైందో ఈ రోజుకీ నాకు తెలియదు.

అందుకే అన్ని ఆఫీసులకూ కలిపి మొదటినుంచి రాస్తున్నాను. ఈసారైనా మధ్యలో ఎవరూ ఆపరని ఆశ.

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే దారికి లోపలగా మా ఊరు. పొలమంతా కంది. బోరు పక్కన ఇరవై గుంటల మడి మాత్రం నా భార్యది. అందులో ఏటా కొత్తిమీర వేసేది. తెల్లవారకముందే కోసి, కట్టలు కట్టి, మొదటి బస్సుకు తాండూరు మార్కెట్‌కు పోయేది. అటు కర్ణాటక నుంచి వచ్చే బేరగాళ్లతో వచ్చీరాని కన్నడంలో పోట్లాడి, ఇంటికొచ్చి ఆ పోట్లాట మొత్తం నాకు ఆడి చూపించేది.

ఆ మడికి మందు సంచుల ఎరువు ఎప్పుడూ వేయలేదు. వానలకు ముందు గొర్రెల మందను పెట్టించేవాళ్లం. గొల్లాయన తన మందను నాలుగు రాత్రులు మడిలో పడుకోబెడితే ఆ పెంట, ఆ మూత్రం ఏడాదంతా భూమికి సరిపోయేవి. మా నాన్న కాలం నుంచీ మా ఊళ్లో మంద మొదట కూర్చునేది మా పొలంలోనే.

ఆమె పోయిన ఏడు మాత్రం మంద మొదట మా పక్క పొలంలో కూర్చుంది. చాయ హోటల్ దగ్గర గొల్లాయనను నిలదీశాను.

“గాయన ముందుగాల అడిగిండు పటేలా. నీది ఏడికి పోతది? ఎనిమిది రోజులాగు, వస్త” అని నవ్వాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో పేర్లతో సహా చెప్పగలను.

“నీ గొర్లు రాకుంటే నా మడి పండదా?” అని లేచి వచ్చేశాను. మరునాడే కొడంగల్ వైపున్న ఒక కోళ్ల షెడ్డు నుంచి రెండు ట్రాక్టర్ల పెంట తెప్పించాను.

నా భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కుప్ప చుట్టూ తిరిగింది.

“ఎనిమిది రోజులాగితె ఏం మునుగుతుండె? నీకు కోపమొస్తే వాన మొగులు గూడ పక్కూరికి పోవాలె.”

“ఆగేది లేదు.”

“అయితె జర కుప్పేసి మాగనియ్యి. పచ్చిది పోస్తే భూమికి వేడి చేస్తది.”

అదీ వినలేదు. కుప్ప పెట్టి కూర్చుంటే గొల్లాయన అటుగా పోతూ చూసి నవ్వుతాడని నా బాధ. మరునాడే ఇద్దరం గంపలతో మోసి, వట్టి చేతులతో మడి నిండా చల్లాం. కొత్తిమీర మోకాలెత్తు పెరిగింది. గొల్లాయన వచ్చిపోయే దారిలో నిలబడి నేనే నాలుగు మొక్కలు పీకి అందరికీ చూపించాను.

రెండో కోతలో కొడవలి జారి ఆమె ఎడమచేతి వేలికి తగిలింది. చిన్న గాటు. మట్టి తుడిచి, పసుపు అద్ది, గుడ్డపేలిక చుట్టి, ఆ రోజు కట్టలన్నీ కట్టింది. మూడో రోజుకు మణికట్టు వరకు వాచింది. ఊళ్లో సూది వేయించాను. ఐదో రోజు గాజులు కత్తిరించాల్సి వచ్చింది. అప్పుడు తాండూరు తీసుకుపోయాను.

ఆసుపత్రిలో మందు మీద మందు మార్చారు. జ్వరం దిగలేదు. గాయంలోని చీము పరీక్షకు పంపారు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. మందుల పేర్లు వరసగా ఉంటాయి. పనిచేసే మందుకు ఎదురుగా ఎస్ అని, పనిచేయని దానికి ఆర్ అని ఉంటుందని డాక్టర్ చెప్పాడు. పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివాను. అన్నీ ఆర్‌లే. ఒక్క మందుకు మాత్రమే ఎస్ ఉంది. దాన్ని హైదరాబాద్ నుంచి తెప్పించారు. అప్పటికే ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి.

“ఇంతకుముందు చాలా మందులు వాడిందా?” అని డాక్టర్ అడిగాడు.

“జరమొస్తే ఒక గోలి, గంతే సారు.”

“ఏం పని చేస్తుంది?”

చెప్పాను. కోళ్ల ఎరువు మాట రాగానే కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కోళ్లకు ఊరికే మందులు పోస్తుంటే వాటి కడుపులో మందుకు చావని సూక్ష్మజీవులు మిగులుతాయని, అవి పెంటలో, మట్టిలో కూడా ఉండొచ్చని, బాగా మాగిన కుప్పలో చాలావరకు చస్తాయని, అన్నీ చావకపోవచ్చని చెప్పాడు.

“గదే రాసియ్యరాదు సారు.”

“కావచ్చు అంటున్నాను, అదే అనడం లేదు. మట్టి, ఎరువు పరీక్ష చేయాలి. అది నా చేతిలో లేదు.”

నేను వార్డులోకి వచ్చేసరికి ఆమె మేలుకుని ఉంది.

“గొల్లాయనతోని మాట్లాడు. మళ్ల మందను పెట్టించు” అంది.

“ముందు నువ్వు లే.”

“నేను లేస్త. నువ్వు మాట్లాడుతవా లేదా?”

నేను ఆమె దుప్పటి సర్దాను. ఆ సాయంత్రానికి ఆమెకు మాట పడిపోయింది. మూడో రోజు పోయింది.

దినాలయ్యాక కోళ్ల షెడ్డుకు పోయాను.

“కోళ్లకు రోగమొస్తేనే మందు పోస్తరా?” అని షెడ్డు ఓనరును అడిగాను.

“వచ్చేదాంక ఆగితె షెడ్డంత ఖాళీ అయితది అన్నా. పిల్లలు దిగిన దినం నుంచే నీళ్లల్ల కలుపుతం.”

“ఏం మందు?”

“మాకేమెరుక? డబ్బ ఇస్తరు, మూతతోని పోస్తం. అందరు గట్లనే. పెంటకోసం ఇంత ఫికర్ చేసేటోన్ని నిన్నే చూసిన” అని నవ్వాడు. జరిగింది చెప్పాను. అతని నవ్వు ఆగిపోయింది. “నా కోళ్లతోనేనా అన్నా?” అని నన్నే అడిగాడు.

గొల్లాయన మా గడప దగ్గర కూర్చుని ఏడ్చాడు. “మేం గూడ గొర్లకు సూదులేపిస్తం పటేలా. నా మంద కూసున్నా గిదే అయితుండెనేమో, ఎవలకెరుక? నువ్వు నెత్తినేసుకోకు” అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. కానీ ఆ మాట తర్వాత నాకు నిద్ర లేదు. తప్పు నాదేనని ఒప్పుకుని ఏడుద్దామన్నా, అదీ ఖాయంగా తెలియదు.

మడి మట్టి మూటకట్టి పట్టుకుని తిరిగాను. మట్టి పరీక్ష చేసే చోట నత్రజని, భాస్వరం ఎంతో చెబుతామన్నారు, సూక్ష్మజీవుల సంగతి తమది కాదన్నారు. పశువుల డాక్టర్లు మనుషుల రోగం తమది కాదన్నారు. మనుషుల డాక్టర్లు ఎరువు తమది కాదన్నారు. ఒకచోట మూట బల్ల మీద పెట్టబోతే కింద పెట్టమన్నారు. కింద పెట్టి, నేనూ దాని పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నం తాళం వేసుకుని భోజనానికి పోయారు.

రెండేళ్లుగా ఆ మడిలో విత్తనం పడలేదు. పోయిన వారం వికారాబాద్ నుంచి నా బిడ్డ వచ్చింది.

“నాయినా, అమ్మ మడి గడ్డివట్టింది. నేనేస్త కొత్తిమీర.”

“వద్దు బిడ్డా.”

“ఎందుకొద్దు? గా మట్టిల ఏమున్నదని?”

“తెల్వది.”

“తెల్వకుంట ఎన్నేండ్లు బీడువెడ్తవు? తొడుగులేసుకుంట తియ్యి” అని చేతులు చూపించింది. అచ్చం వాళ్లమ్మ చేతులే. ధనియాలు అప్పుడే నలిపి సంచిలో కట్టి తెచ్చుకుంది. తొలకరి పడితే నేను ఆపినా ఆగదు.

మూట ఇంకా నా దగ్గరుంది. అది పాతదైతే కొత్తది తవ్విస్తాను, వచ్చి మీరే తవ్వుకున్నా సరే. నా భార్యను చంపిన సూక్ష్మజీవి ఆ మట్టిలో ఉందా, లేదా? ఉంటే అది నేను పంతానికి పోసిన పెంటలోనిదా, కాదా? నాదేనంటే నా మొహం మీద చెప్పండి, పడతాను. కాదంటే కాదని కాగితం మీద రాయండి. తెలియదంటే, తెలుసుకునేది ఏ ఆఫీసో దాని పేరు చెప్పండి. తొలకరికి ఇంకా కొద్ది రోజులే ఉంది. నా బిడ్డ ఆ మడిలో చెయ్యి పెట్టకముందే మీలో ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పండి.