రూతు చేతిలో బంతి లేదు

ఈ రోజు సత్తెనపల్లిలో అక్కడి కాలేజీ అమ్మాయిలతో మాకు ఫ్రెండ్లీ బేస్‌బాల్ మ్యాచ్. రావాల్సిన అంపైరు రాలేదు. రూల్సు పుస్తకం పూర్తిగా చదివింది నేనొక్కదాన్నేనని మా పీడీ సారు నన్ను నిలబెట్టారు. మా జట్టులో ఒకరు తక్కువైతే, కబడ్డీ ఆడే నా స్నేహితురాలు రూతును మూడో బేస్ దగ్గర పెట్టారు.

ఆఖరి ఇన్నింగ్స్‌లో స్కోర్లు సమం. వాళ్ళమ్మాయి ఒకతి మూడో బేస్ దాటి, చేరితే పరుగు వచ్చే హోమ్ వైపు పరుగెత్తింది. బంతి ఇంకా దూరంగా మిరపకాయలు ఆరబోసిన పట్టాల వైపు దొర్లుతోంది. రూతు అలవాటు కొద్దీ చేతులు చాపి ఆ అమ్మాయి నడుము పట్టేసింది. బంతి వచ్చాక తాపీగా తాకించి, "అవుట్!" అని అరిచింది.

నేను వాళ్ళకి పరుగు ఇచ్చేశాను. మేం ఓడిపోయాం.

"ఏమే, నీది మన కాలేజీ కాదా? పట్టుకుంటే తప్పేంటే?" అని రూతు నా మీదికొచ్చింది.

"చేతిలో బంతి లేనప్పుడు దారికి అడ్డం నిలబడకూడదే. ఇది కబడ్డీ కాదు," అన్నాను.

"పెద్ద చెప్పొచ్చావులే!"

తిరుగు బస్సులో నా పక్కన కూర్చోలేదు. మేం దిగే చోట ఒకాయన తలుపుకి అడ్డంగా నిలబడి కదలడం లేదు.

"బాబాయ్, మీ చేతిలో బంతేం లేదుగా? తప్పుకోండి మరి," అంది రూతు.

ఆయనకేమీ అర్థం కాలేదు. రూల్సు పుస్తకం కూడా అంత చక్కగా చెప్పలేదు. రూతు నాతో ఇంకా మాట్లాడలేదు గానీ, నా బ్యాగు కూడా తనే పట్టుకుని దిగింది.

మీరైతే ఆ పరుగు ఇచ్చేవారా?